ఇద్దరవ్వల రాగి వత్తులు

మా ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు. చదవడం మాత్రం నాకొక్కదానికే వచ్చు. మిగతావాళ్లు బస్సు బోర్డు దగ్గర్నుంచి పెళ్లి పత్రిక దాకా అన్నీ అరవంలోనే చదువుకుంటారు. లాక్‌డౌన్‌లో వేరే పని లేక, కుప్పం నుంచి ఎవరో తెచ్చిన గోడ క్యాలెండరు ముందు కూర్చుని నేను అక్షరాలు నేర్చుకున్నాను. వర్జ్యాలూ రాహుకాలాలూ చదవడం వచ్చాక మిగతా సాహిత్యం తేలికే అనిపించింది.

ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. ఇక్కడ రాయబోయే విషయంలో చివరి ముక్క మా పెద్దవ్వకూ చిన్నవ్వకూ తెలియకూడదు. తెలుగులో రాసి హాల్లో బల్ల మీద పెట్టినా మా ఇంట్లో ఏ రహస్యానికీ ప్రమాదం లేదు.

తమిళనాడు ధర్మపురిలో మాది పూజాసామాను అంగడి. కర్పూరం, విభూది, పసుపుతాళ్లు, రుద్రాక్షలు, శంఖాలు, దీపపు వత్తులు అమ్ముతాం. మిగతావన్నీ ఎక్కడెక్కడినుంచో వస్తాయి. వత్తులు మాత్రం ఇంట్లోనే తయారవుతాయి. వాటిని చేసేది ఇద్దరవ్వలు. వాళ్లు అక్కచెల్లెళ్లు. అన్నదమ్ములిద్దరిని చేసుకుని ఒకే ఇంటికి వచ్చారు. పెద్దవ్వ మా నాయనను కన్న తల్లి. చిన్నవ్వ ఆమె చెల్లెలు. ఇద్దరు తాతలూ పోయారు. వీళ్లిద్దరూ రోజూ మధ్యాహ్నం హాల్లో ఎదురెదురుగా కూర్చుని, మధ్యలో దూదిబుట్ట పెట్టుకుని వత్తులు చేస్తూ పోట్లాడుకుంటారు.

పోట్లాటకు విషయం ఒకటే. చేతిపని ఏదైనా ప్రదక్షిణంగా, అంటే కుడివైపుకే తిరగాలని ఇద్దరికీ గట్టి పట్టింపు. పెళ్లికి పిండి కలిపినా, ఉగాదికి తోరణం తాడు పేనినా అంతే. కానీ ఎదురెదురుగా కూర్చుంటారు కదా, ఒకరి కుడి తిప్పు ఇంకొకరికి ఎడమ తిప్పుగా కనిపిస్తుంది.

"అక్కా, నీ చెయ్యి మళ్లీ తిరగామరగా పోతాంది."

"నా చెయ్యి సరిగ్గానే పోతాంది. నువ్వు కూర్చున్న చోటు సరిలేదు."

ఒకరి పక్కన ఒకరు కూర్చుంటే ఈ తగవు ఒక పూటలో తీరిపోతుందని నేను చిన్నప్పుడే కనిపెట్టాను. చెప్పలేదు. మా అమ్మ కూడా చెప్పలేదు. ఈ రెండు దేశాల మధ్య ఆమె తటస్థ రాజ్యం. పక్కం తీసుకోకుండా కాపురం చేయడం ఎట్లాగో అందరికీ నేర్పగలదు, కానీ అడిగితే నవ్వి ఊరుకుంటుంది.

నేను ఊళ్లోనే ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివాను. చివరి ఏడాది ప్రాజెక్టు కోసం మా మేడం నాకు మైక్రోవేవ్‌లు ఇచ్చింది. వంటింట్లో వేడి చేసే పెట్టె కాదు, అందులోని అసలు తరంగాలు. మా ల్యాబులో ఒక పాత బల్ల ఉంది. దాని ఒక చివర నాదస్వరం మూతిని చదరంగా నొక్కినట్టు ఉండే ఇత్తడి కొమ్ము. అందులోంచి తరంగం బయలుదేరుతుంది. రెండో చివర అలాంటిదే ఇంకో కొమ్ము, దాన్ని అందుకోవడానికి. అందినదాన్నిబట్టి మీటరులో ముల్లు లేస్తుంది.

పొద్దున్నే అంగడి ముందు దుమ్ము అణగడానికి మా నాయన రబ్బరు ట్యూబుతో నీళ్లు చల్లుతాడు. ఆ ట్యూబును పైకీ కిందికీ ఆడిస్తే అల నిలువుగా ఊగుతూ పోతుంది. పక్కలకు ఆడిస్తే అడ్డంగా ఊగుతూ పోతుంది. ఊగే ఆ దిక్కునే ధ్రువణం అంటారు. నిలువుగా ఊగే తరంగాన్ని పంపి, అందుకునే కొమ్మును అడ్డంగా తిప్పి పెడితే దానికి ఏమీ అందదు. ముల్లు సున్నా దగ్గర పడుకుంటుంది. పెద్దవ్వ చెప్పింది చిన్నవ్వ చెవికి ఎక్కనట్టు.

ఇప్పుడు రెండు కొమ్ముల మధ్య ఒక పెట్టె పెట్టి, ముల్లును లేపాలి. అదీ నా ప్రాజెక్టు. పెట్టెలోని పదార్థం, నిలువుగా ఊగుతూ వచ్చిన తరంగాన్ని కాస్త పక్కకు ఒరిగేలా చేసి బయటికి పంపాలి. ఒరిగితే అడ్డం కొమ్ముకు ఎంతో కొంత అందుతుంది. చక్కెర పాకం వెలుగును ఇట్లా ఒరిగిస్తుంది, ఎందుకంటే చక్కెర అణువులోనే ఒక మెలిక ఉంది. మైక్రోవేవ్‌కు అంత చిన్న మెలిక చాలదు. కాబట్టి మెలికలను మనమే చేసి ఇవ్వాలి. సన్నని రాగితీగతో బుల్లి స్ప్రింగులు చుట్టి, ఒకదానికొకటి తగలకుండా ఒక్కోదానికీ దూది చుట్టి, అట్టపెట్టెలో నింపాలి. తరంగం రాగి మీద పడినప్పుడు పుట్టే కరెంటు, తీగ వెంబడి మెలికలు తిరుగుతూ నడవాల్సి వస్తుంది. ఆ తిరుగుడు తరంగానికీ అంటుకుంటుంది.

ఈ గుణం రాగికి లేదు, దూదికి లేదు, అట్టపెట్టెకు అసలే లేదు. మెలికలో ఉంది. స్ప్రింగులు తరంగం కంటే చాలా చిన్నవి కాబట్టి దానికి అవి విడివిడిగా కనిపించవు, గుంపంతా కలిసి ఒకే పదార్థంలా తోస్తాయి. ఇట్లా ఆకారంతో గుణం పుట్టించిన పదార్థానికి కైరల్ మెటామెటీరియల్ అని పేరు. మా ఇంట్లో దానికి రాగి వత్తులు అని పేరు.

ఆ పేరు రావడానికి కారణం, వాటిని చుట్టింది అవ్వలే. మోటార్లకు తీగ చుట్టే అంగడి నుంచి తీగ తెచ్చాను. దూది మా ఇంట్లో కొదవ లేదు. సన్నని స్ప్రింగుకు సైకిల్ చక్రంలోని ఇనుపకమ్మీ సరిపోయింది. కమ్మీ పొడవునా తీగ చుట్టేసి, బయటికి లాగి, మూడేసి చుట్లకు ఒక ముక్కగా కత్తిరిస్తే చాలు. నేను చుడితే చుట్టుకూ చుట్టుకూ మధ్య ఎడం తొప్పూరు కనుమ రోడ్డులా వంకర్లు పోయింది. అవ్వలకు జీవితమంతా అదే పని.

"ఏమే పాపా, ఇవి ఏ సామికే?" అంది పెద్దవ్వ.

"సామికి కాదు పెద్దవ్వా, కాలేజీకి."

"కాలేజీలో రాగి వత్తి ముట్టిస్తారా?"

"ముట్టించరు. పెట్టెలో పోసి పక్కన పెడతారు."

"పెట్టి?"

"చూస్తారు."

పెద్దవ్వ కొంచెం సేపు నా ముఖం చూసింది. "పదిహేడేండ్లు చదివించినాము దీన్ని," అంది చెల్లెలితో. ఆ ఒక్క విషయంలో వాళ్లకు ఏకాభిప్రాయం కుదిరింది.

అన్ని స్ప్రింగులూ ఒకే వైపు మెలిక తిరగాలి, అది ముఖ్యం. అది నాకు తెలుసు. కాబట్టి ఇద్దరికీ కమ్మీలు ఇచ్చి, "ప్రదక్షిణంగా చుట్టండి" అని చెప్పాను. ఇద్దరూ నన్ను వింతగా చూశారు. అన్నం నోటితో తినండి అని చెప్పినట్టు ఉండిందట.

ఇక మా నాయన సంగతి. ఆయన అప్పుడే కడత్తూరులో ఇంకో అంగడి తీసుకున్నాడు. షట్టరుకు రంగు వేయించాడు. గల్లాపెట్టె వెనక కూర్చోవడానికి మనిషి కావాలి. ఆ మనిషి నేనని ఆయనకు గట్టి నమ్మకం, నా కణక్కు, అంటే లెక్క, బాగుంటుందని. నాకేమో మా మేడం వేరే మాట చెప్పి ఉంది. మా ల్యాబులో ప్రయోగాలు చేసి చూపించే మనిషి పోస్టు ఒకటి ఖాళీ అవుతోంది. తాత్కాలికమే. బయటి నుంచి వచ్చే పరీక్షాధికారి ముందు ఎవరి ప్రాజెక్టు పని చేస్తే వాళ్ల పేరు రాసి పంపుతానంది. ఆ ఇత్తడి కొమ్ములతో ఇంకొన్నేళ్లు ఆడుకోవచ్చన్న ఆశ తప్ప నాకు వేరే గొప్ప ఆశయాలేమీ లేవు. కానీ ఆ ఆశ మాత్రం గట్టిదే. అది పోతే కర్పూరం పొట్లాలు కట్టుకుంటూ ముసలిదాన్ని అవుతానని తెలుసు.

భోజనాల దగ్గర నాయన తీర్పు చెప్పేశాడు.

"ముల్లు తిరిగితే కాలేజి. తిరగకుంటే కడత్తూరు. సరేనా?"

"సరే నాయనా."

"దూది ఎంత కావాల్నో తీసుకో. మంచి దూదే తీసుకో. ఆ మీద దూది బాగలేదని చెప్పకూడదు."

ఓడిపోతానని అంత నమ్మకం ఉన్నవాళ్లు మాత్రమే ఎదుటివాళ్లకు అంత సాయం చేస్తారు.

పరీక్షకు పది రోజుల ముందే పెట్టె నిండింది. కర్పూరం వచ్చిన అట్టపెట్టె అది. అవ్వలిద్దరూ ఒకరికంటే ఒకరు తగ్గకూడదని పోటీపడి చుట్టారు. సాయంత్రం కాగానే ఇద్దరూ తమ తమ పళ్లేలు పక్కపక్కన పెట్టి, ఎవరి కుప్ప ఎత్తుగా ఉందో ఓరకంటితో చూసుకునేవాళ్లు. తగ్గినవాళ్లు కాఫీ మానేసి మళ్లీ కూర్చునేవాళ్లు. నేను రెండు పళ్లేలనూ పెట్టెలోకి వంపి, బాగా కుదిపి కలిపాను. ఎవరి వత్తులు ఎక్కువ ఉన్నాయన్న మాట రాకుండా ఉండడానికి.

ల్యాబులో పెట్టెను కొమ్ముల మధ్య పెట్టాను. ముల్లు సున్నా దగ్గర ఉంది. పెట్టాక కూడా సున్నా దగ్గరే ఉంది. పెట్టెను తిప్పి పెట్టాను. బోర్లించాను. మీటరును వేలితో తట్టాను. మా మేడం కూడా వచ్చి తట్టింది. ఆమె ఫిజిక్సులో డాక్టరేటు చేసిన మనిషి, నాకంటే బాగా తట్టింది. ముల్లు కదల్లేదు.

"వత్తుల్లో తప్పుందా?" అంది మేడం. ఆమె అడిగింది అరవంలో. మా ఊళ్లో ఇల్లు దాటిన మాటలన్నీ అరవమే, ఇక్కడ నేనే తెలుగులో పెడుతున్నాను.

"మా అవ్వలు చుట్టినవి మేడం. వాళ్లు తప్పు చేయరు. చేసినా ఒప్పుకోరు."

ఆ వారమంతా నేను తీగను అనుమానించాను, దూదిలో తేమను అనుమానించాను, తరంగం పుట్టించే బిళ్లను అనుమానించాను, చివరికి కర్పూరం వాసనను కూడా అనుమానించాను. ఇంట్లో ఏమీ దాచలేకపోయాను. నాయన నా ముఖం చూశాడు. మరుసటి పొద్దున కడత్తూరు అంగడికి కొత్త ఫ్యాను కొన్నాడు. "పాపకు గాలి ఉండాల కదా," అన్నాడు అమ్మతో. అమ్మ ఎప్పటిలా ఏ పక్కమూ మాట్లాడలేదు.

శనివారం సాయంత్రం అంగడిలో రద్దీగా ఉంటుందని నేనూ వెళ్లి కూర్చున్నాను. ఎట్లాగూ అలవాటు చేసుకోవాల్సిన పనే కదా అని. కారిమంగళం నుంచి ఒకాయన వచ్చాడు. కొత్త ఇల్లు కట్టాడట, గృహప్రవేశానికి వలంపురి శంఖం కావాలట. వలంపురి అంటే కుడి మెలిక శంఖం. వేలల్లో ఒకటి అట్లా పుడుతుంది, మిగతావన్నీ రెండో వైపు మెలిక తిరిగినవే. మా దగ్గర వలంపురి ఒకటే ఉంది, అద్దాల పెట్టెలో ఎర్రగుడ్డ మీద. ఆయన దాన్ని చూశాడు, ధర విన్నాడు, వెంటనే పక్కనున్న మామూలు శంఖాన్ని చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని తలకిందులు చేశాడు. వెల్లకిలా తిప్పాడు.

"అన్నా, దీన్నే ఇట్లా తిప్పి పట్టుకుంటే వలంపురి అయిపోదా?"

నాయన ఇలాంటి వాళ్లను చాలామందిని చూశాడు. ఓపికగా చెప్పాడు.

"తలకిందులు చేయండి, పడుకోబెట్టండి, మీ ఇష్టం. శంఖం ఎటు మెలిక తిరిగి పుట్టిందో అటే ఉంటుంది. దాన్ని వలంపురిగా చూడాలంటే ఒకటే దారి ఉండాది."

"ఏమిటది?"

"అద్దంలో చూసుకోవాల."

కారిమంగళం ఆయన నవ్వి వెళ్లిపోయాడు, ఏమీ కొనకుండా. నేను నవ్వలేదు. స్టూలు మీదినుంచి లేచి, చెప్పులు వేసుకోవడం మరిచి ఇంటికి వెళ్లాను.

పెట్టెలోని రాగి వత్తులు ఏ దిక్కు చూస్తున్నా ఫరవాలేదు, నిలబడ్డా పడుకున్నా వాటి మెలిక మారదు. అందుకే కుదిపి కలపడానికి నేను భయపడలేదు. కానీ అద్దంలో బొమ్మలాంటివి సగం ఉంటే? అవి తరంగాన్ని రెండో వైపుకు ఒరిగిస్తాయి. సగం కుడికి లాగి, సగం ఎడమకు లాగితే తరంగం నిటారుగా వచ్చినట్టే నిటారుగా వెళ్లిపోతుంది. ముల్లుకు లేవాల్సిన పనే ఉండదు.

హాల్లో కిటికీ గూట్లో రెండు కమ్మీలు ఉన్నాయి, కత్తిరించకుండా మిగిలిపోయిన తీగ చుట్లతో. ఒకటి పెద్దవ్వది, ఒకటి చిన్నవ్వది. రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి చూశాను. ఒకదానిలో ముందువైపు చుట్లు కుడికి ఎక్కుతున్నాయి. ఇంకోదానిలో ఎడమకు ఎక్కుతున్నాయి. ఒకదాన్ని తలకిందులు చేశాను. అప్పుడూ అంతే. నా ఎదురుగా అద్దాల పెట్టెలోని శంఖమూ, పక్కనున్న మామూలు శంఖమూ నిలబడి ఉన్నాయి, రాగిలో.

"పెద్దవ్వా, కొంచం చుట్టి చూపించు," అన్నాను.

పెద్దవ్వ కమ్మీని ముందుకు చాపి పట్టుకుంది. కుడివైపుకే చుట్టింది. ప్రదక్షిణమే, అనుమానం లేదు. కాకపోతే కమ్మీ దూరపు కొస దగ్గర మొదలుపెట్టి తన వైపుకు వస్తోంది.

"ఆ కొసనుంచి ఎందుకు పెద్దవ్వా?"

"ఎందుకేమి? అంగడోళ్ల ఇల్లు. ఏ పనైనా బయటినుంచి లోపలికి రావాల. ఊడ్చినా లోపలికే. లక్ష్మి మన దిక్కు రావాల గాని మన దగ్గరనుంచి పోతాదా?"

చిన్నవ్వను అడిగాను. ఆమె కూడా కుడివైపుకే చుట్టింది. కాకపోతే తన చేతి దగ్గర మొదలుపెట్టి దూరపు కొసకు పోతోంది.

"నువ్వు ఈ కొసనుంచి ఎందుకు చిన్నవ్వా?"

"సామికి పోయే వత్తి కదే. మన చేతిలో మొదలుపెట్టి సామి దిక్కు పోవాల. సామి దగ్గరనుంచి లాక్కొస్తామా?"

రెండూ చక్కటి కారణాలే. మరమేకును కుడివైపు తిప్పితే ముందుకు పోతుంది. అదే కుడి తిప్పుతో వెనక్కి రావాలంటే ఆ మేకు మర వేరే వైపు కోసి ఉండాలి. ఒకరు కుడికి తిప్పుతూ దగ్గరికి వచ్చారు, ఒకరు కుడికి తిప్పుతూ దూరం పోయారు. ఇద్దరూ తప్పు చేయలేదు. నా ప్రాజెక్టు మాత్రం పోయింది. పోటీపడకుండా ఉంటే ఎవరో ఒకరు తక్కువ చుట్టేవాళ్లు, ముల్లు కాస్తయినా కదిలేది. సరిసమానంగా చుట్టారు.

సంగతి చెప్పకుండా ఉండాల్సింది. కానీ పెట్టె మొత్తం విప్పి వేరుచేయాలంటే చెప్పక తప్పలేదు.

"చూసినావా," అంది పెద్దవ్వ చెల్లెలితో. "ఇన్నేండ్లు నేను చెప్తానే ఉండాను."

"అదే నేనూ చెప్తా ఉండేది," అంది చిన్నవ్వ. "ఏమే పాపా, ఎవరిది తప్పు? నిజం చెప్పు."

"ఇద్దరిదీ కరెక్టే."

"ఇద్దరిదీ కరెక్టయితే వేరు ఎందుకు చేస్తావు?"

దీనికి ఫిజిక్సులో జవాబు ఉంది. ఇంట్లో లేదు. "కాలేజీలో రెండు పెట్టెలు అడిగినారు," అన్నాను.

"అయితే ఎవరి పెట్టె కుడిపక్కకు తిప్పుతాదో అక్కడే తెలిసిపోతాది," అంది పెద్దవ్వ. చిన్నవ్వ తల ఊపింది. ఆ విధంగా నా పరీక్ష వాళ్ల పరీక్ష కూడా అయింది.

ఆదివారమంతా హాలు నిండా దూది. ఒక్కో వత్తినీ విప్పి, నిలబెట్టి, చుట్లు ఎటు ఎక్కుతున్నాయో చూసి, రెండు పళ్లేల్లో వేయాలి. తర్వాత అవ్వలు మళ్లీ దూది చుట్టాలి. నేనూ అమ్మా వేరు చేస్తూ కూర్చున్నాం. కళ్లు లాగుతుంటే నాయన రుద్రాక్ష ముఖాలు లెక్కపెట్టే భూతద్దం తెచ్చి నా ముందు పెట్టాడు. కొంచెం సేపు నిలబడ్డాడు. తర్వాత కూర్చుని ఒక గుప్పెడు వత్తులు తన ముందుకు లాక్కున్నాడు.

"నాయనా, ఇవి వేరైతే నేను కడత్తూరు రాను."

"తెలుసు. సుమ్మా, ఊరికే చూస్తా ఉండా." ఒక వత్తిని కన్ను దగ్గర పెట్టుకున్నాడు. "ఇది వలంపురి," అని పక్కన పెట్టాడు. సాయంత్రం దాకా లేవలేదు. ఆయన వేరు చేసిన పళ్లెంలో ఒక్క తప్పు కూడా లేదని చెప్పలేను. రెండు ఉన్నాయి. నా పళ్లెంలో ఇంకా ఎక్కువ ఉన్నాయి.

పరీక్షరోజు బయటి అధికారి ఆలస్యంగా వచ్చాడు. తొప్పూరు దగ్గర లారీ అడ్డం పడిందట. ఆకలితో వచ్చిన మనిషి. నా కంటే ముందు ముగ్గురి ప్రాజెక్టులు చూసి ఆకలి ఇంకా పెంచుకున్నాడు. నా బల్ల దగ్గరకు వచ్చి ముందు ముక్కు ఎగబీల్చాడు.

"ఏమమ్మా, కర్పూరం వాసన వస్తోంది?"

"పెట్టెలు కర్పూరానివి సార్. ప్రయోగంలో దానికి పని లేదు."

కొమ్ములు సరిచేశాను. ముల్లు సున్నాలో పడుకుంది. పెద్దవ్వ పెట్టె మధ్యలో పెట్టాను. ముల్లు లేచింది. గబుక్కున కాదు. మధ్యాహ్నం నిద్రలోంచి ఎవరో పిలిస్తే లేచినట్టు లేచి నిలబడింది. అందుకునే కొమ్మును మెల్లగా ఒక పక్కకు తిప్పుతూ పోయాను. ఒక చోట ముల్లు మళ్లీ సున్నాకు వచ్చింది. తరంగం ఎంత ఒరిగిందో ఆ కొమ్ము తిరిగిన కోణమే చెబుతుంది.

ఆ పెట్టె తీసి చిన్నవ్వ పెట్టె పెట్టాను. ముల్లు మళ్లీ లేచింది. ఈసారి సున్నా కోసం కొమ్మును రెండో పక్కకు తిప్పాల్సి వచ్చింది, ఇంచుమించు అంతే.

అధికారి ఆకలి మరిచాడు. కుర్చీ లాక్కున్నాడు. "రెండు పెట్టెలూ ఒకదాని వెనక ఒకటి పెట్టు," అన్నాడు.

పెట్టాను. మొదటిది ఒరిగించినదాన్ని రెండోది తిరిగి నిలబెట్టింది. ముల్లు సున్నాకు వచ్చి పడుకుంది. పోయిన వారం నన్ను ఏడిపించిన సున్నా అదే. ఇప్పుడు అదే సున్నాను చూసి ఆయన నవ్వుతున్నాడు.

"ఇవి ఎవరు చుట్టారు?"

"మా అవ్వలు సార్. ఇద్దరు."

"ఇద్దరెందుకు?"

"మా ఇంట్లో రెండు అభిప్రాయాలు ఉన్నాయి సార్."

మేడం దగ్గింది. ఆయన మొదటి పెట్టె మీద చెయ్యి వేశాడు. "చివరి ప్రశ్న. ఈ పెట్టె తరంగాన్ని ఎటు తిప్పింది? కుడికా, ఎడమకా?"

నాకు ఇంట్లో హాలు గుర్తొచ్చింది. దూదిబుట్టకు ఆ పక్కన ఒకరు, ఈ పక్కన ఒకరు.

"మీరు ఏ పక్క నిలబడి చూస్తున్నారో చెప్పండి సార్."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. తర్వాత మేడం వైపు తిరిగి, "దీనికి జవాబు కుడి అనో ఎడమ అనో చెప్పినవాళ్లకు నేను మార్కులు కోస్తాను," అన్నాడు. వెలుగు గురించి చదివినవాళ్లు వచ్చే తరంగానికి ఎదురుగా నిలబడి చూస్తారట. రేడియో ఇంజనీర్లు దాని వెనకాల నిలబడి, పోతుంటే చూస్తారట. ఒకరికి కుడి అయినది ఇంకొకరికి ఎడమ. పెద్ద పెద్ద పుస్తకాల్లోనే ఈ తగవు తీరలేదని చెప్పి, భోజనం ఎక్కడ దొరుకుతుందని అడిగాడు.

మేడం ఆ సాయంత్రమే నా పేరు రాసి పంపింది.

ఇంటికి వెళ్లేసరికి అవ్వలిద్దరూ హాల్లో లేరు. ఒకరి ముందు ఒకరు వినకూడదని చెరో చోట కాచుకుని ఉన్నారు. పెద్దవ్వ వంటింటి గడప మీద.

"చెప్పు. నాది ఎటు తిప్పింది?"

నేను అందుకునే కొమ్ము వెనక నిలబడి ఉన్నట్టు మనసులో అనుకున్నాను. అక్కడినుంచి చూస్తే పెద్దవ్వ పెట్టె తరంగాన్ని కుడికే తిప్పింది.

"కుడికే పెద్దవ్వా."

"నాకు తెలుసు," అంది. "దానితో చెప్పొద్దు. పాపం, బాధపడతాది."

చిన్నవ్వ మేడ మీద వడియాలు తీస్తూ ఉంది. మెట్లెక్కుతూ నేను మనసులో ల్యాబు బల్ల ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాను, తరంగం బయలుదేరే కొమ్ము వెనక్కి. అక్కడినుంచి చూస్తే చిన్నవ్వ పెట్టె కుడికి తిప్పింది.

"నాది?"

"కుడికే చిన్నవ్వా."

చిన్నవ్వ ఒక వడియం నా చేతిలో పెట్టింది. "అక్కకు చెప్పొద్దే. వయసైపోయింది."

ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. పరీక్షాధికారి విని ఉంటే ఇంకో రెండు మార్కులు వేసేవాడు.

రాత్రి భోజనాల దగ్గర నాయన చారు కలుపుకుంటూ, నా వైపు చూడకుండా అడిగాడు. "తిరిగిందా?"

"తిరిగింది నాయనా."

"రెండు పక్కలకూనా?"

"రెండు పక్కలకూ."

ఆయన తల ఊపాడు. భూతద్దం పట్టుకున్న మనిషి కాబట్టి ముఖంలో కాస్త గర్వం కూడా కనిపించింది. కానీ షట్టరుకు వేసిన రంగు, కొత్త ఫ్యాను గుర్తొచ్చాయేమో, ముద్ద మధ్యలో ఆగింది. "మరి కడత్తూరుకు ఎవరు?"

"నేను పోతా," అంది అమ్మ.

వడ్డిస్తున్న గరిటె కూడా కింద పెట్టలేదు. ఆమె ఒక పక్కం తీసుకోవడం నేను అదే మొదటిసారి చూడడం. "పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వస్తా. కణక్కు నాకూ వస్తాది. ఫ్యాను ఎట్లాగూ కొన్నారు."

ఇద్దరవ్వలూ ఒకరినొకరు చూసుకున్నారు. మధ్యాహ్నం తమ ఇద్దరికీ మధ్య ఇక ఎవరూ ఉండరని అప్పుడు తెలిసింది వాళ్లకు.

ఇప్పుడు అమ్మ కడత్తూరులో ఫ్యాను కింద కూర్చుంటుంది. మునుపటి కంటే ఎక్కువ మాట్లాడుతుంది. నేను ల్యాబులో కొత్తగా వచ్చిన పిల్లలకు ఆ రెండు పెట్టెలే చూపిస్తాను. కర్పూరం వాసన ఇంకా పోలేదు. అవ్వలు ఇప్పటికీ ఎదురెదురుగానే కూర్చుంటారు, కానీ పోట్లాట లేదు. ఒకరి చేతిని ఒకరు చూసి జాలిగా నవ్వుకుంటారు. గెలిచినవాళ్లకు మాత్రమే వచ్చే ఓపిక అది, ఇద్దరికీ వచ్చింది.

ఒకటే చిక్కు. మధ్యాహ్నాలు పోట్లాట లేకపోవడంతో చిన్నవ్వకు పొద్దుపోవడం లేదు. పోయిన నెల నుంచి నా తెలుగు క్యాలెండరు ముందు కూర్చుని, "ఇది ఏమి అక్షరమే?" అని ఒక్కొక్కటే అడుగుతోంది. నేను నేర్పిస్తున్నాను, వద్దని ఏ ముఖంతో చెప్పేది. ప్రస్తుతానికి వర్జ్యం అనే మాట దగ్గర ఆగి ఉంది. ఒత్తులు ఇంకా రాలేదు, వస్తే హాల్లో బల్ల మీద ఏ రహస్యమూ నిలవదు. నేను తొందర పడకుండా నేర్పిస్తున్నాను.